డొక్కు బండి అని నవ్వేముందు

కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

మొన్న మా హాస్టల్‌కి ఒక తాత పాత స్ప్లెండర్ మీద మనవడికి పనసపండు తెచ్చాడు. మనోళ్లే "డొక్కు బండి" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పోయిన వానాకాలం ఒక రాత్రి మా పిన్నికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. చిన్నాన్న ఫైనాన్స్‌లో తీసుకున్న కొత్త బండి సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదు. మీటర్లో పసుపు లైటు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. చివరికి పక్కింటి మామ 2004 నాటి స్ప్లెండర్ నాలుగు కిక్కులకి స్టార్ట్ అయింది. పిన్నిని మధ్యలో కూర్చోబెట్టి పీహెచ్‌సీకి తీసుకెళ్లారు. బతికింది.

కొత్త బండిని వ్యాన్‌లో వేసి ఘాట్ దించితే తేలింది ఏంటంటే, కొట్లో కొన్న సీసా పెట్రోల్లో నీళ్లున్నాయి. అంతే. పాత బండైతే ట్యాంక్ ఖాళీ చేసి, కార్బురేటర్ కింద స్క్రూ విప్పి నీళ్లు వదిలేసి, ప్లగ్ తుడుచుకుంటాం. సంతలో మెకానిక్ తమ్ముడు చాలు. కొత్తదానికి పంపు ట్యాంక్ లోపల ఉంటుంది. తప్పెక్కడుందో చూడాలంటే స్కానర్ కావాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే ఆ పంపు తిరగదు, బండి నెట్టినా లాభం లేదు. బిల్లు రెండు నెలల కిస్తీ అంత అయింది. పసుపు అమ్మిన డబ్బు అటే పోయింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 రూల్ వచ్చింది. పొగ తగ్గాలి, కాదనను. ఘాట్‌లో ఏబీఎస్ ఉంటే మంచిదే. కానీ రూల్ మా కొండ దాకా వచ్చింది, స్కానర్ రాలేదు, నేర్పేవాళ్లూ రాలేదు. ఏజెన్సీ ఐటీఐల్లో మన పిల్లలకి ఇంజెక్షన్ బండి రిపేరు నేర్పాలి, సామాను ఇవ్వాలి. ఐటీడీఏని మనం అడగాల్సింది ఇది.

అప్పటిదాకా బండి కొనేవాళ్లు షోరూంలో రంగు చూసి కాదు, మూడు ప్రశ్నలు అడిగి కొనండి. కిక్ ఉందా? స్పేరు మన మండలంలో దొరుకుతుందా? ఆగిపోతే మన సంతలో బాగుచేసేవాడు ఉన్నాడా?

మూడిటికీ లేదంటే, ఆ బండి పేరుకే మనది. తాళం చెవి మన జేబులో ఉంటుంది, బండి మాత్రం కిందోళ్ల చేతిలో ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, డొక్కుది ఏది?