సెప్టెంబరు 17: సిపాయి ఊసేదీ?

సెప్టెంబరు మాసం సమీపించగానే మన నగరంలో ఒక వివాదం ఏటేటా తలెత్తుతుంది. 17వ తేదీని ఏ పేరుతో జరుపుకోవాలి? 2022 నుంచి కేంద్రప్రభుత్వం విమోచన దినమంటున్నది. అదే ఏడాది రాష్ట్రప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవమన్నది. 2024లో ప్రజాపాలన దినోత్సవమన్నది. పేర్ల విషయంలో ఇంత పట్టుదల చూపేవారెవరూ ఆనాడు కొలువు కోల్పోయిన సామాన్య సిపాయిని గూర్చి ఒక్క మాట పలుకరు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు సంస్థాన సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, భారత సేనల పక్షాన వచ్చిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయారు. చౌధురి సైనిక గవర్నరుగా 1949 చివరి వరకు పాలించారు. సుమారు 22 వేలమంది ఉన్నారని చెప్పే సంస్థాన సైన్యం చరిత్రలో కలిసిపోయింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. సైన్యం వేరు, రజాకార్లు వేరు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఒక రాజకీయపక్షపు దళం. వారి దౌర్జన్యాలను కప్పిపుచ్చవలసిన అగత్యం మనకు లేదు. వాటిని నిర్భయంగా ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే కదా! అయితే జీతం కోసం తుపాకి మోసిన సిపాయిని కూడా లోకం ఆ గాటనే కట్టింది. పోలీసు చర్య అనంతర హింసను పరిశీలించేందుకు నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేలమంది వరకు మరణించారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

నేను జీవితమంతా సర్కారు దస్త్రాల మధ్య గడిపిన గుమస్తాను. ఉద్యోగి తప్పు చేస్తే అభియోగపత్రం ఇస్తారు, సంజాయిషీ అడుగుతారు, విచారణ జరుపుతారు. ఆ తర్వాతే శిక్ష. ఒక్కొక్కరికి ఒక్కొక్క సర్వీసు రిజిస్టరు ఉంటుంది. సైన్యాన్ని మూకుమ్మడిగా రద్దు చేసినప్పుడు మాత్రం ఎవరు దోషి, ఎవరు నిర్దోషి అన్న ప్రశ్నకే తావుండదు. కొత్తగా స్వతంత్రమైన దేశం భద్రత కోసం అలా చేసిందనుకున్నా, దాని మూల్యం చెల్లించినది సిపాయి కుటుంబమే.

అదే కాలంలో ముస్లిం సైనికాధికారుల చరిత్ర మరోలా సాగింది. పాకిస్తాన్‌కు పోనని నిలిచిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1948 జులై 3న కాశ్మీరులోని ఝంగర్ వద్ద దేశం కోసం ప్రాణమిచ్చారు. మన హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1947లో భారత వైమానిక దళంలోనే ఉండాలని నిశ్చయించుకొని, 1978లో దానికి అధిపతి అయ్యారు. విభజన వేళ ఏ దేశమో ఎంచుకొనే అవకాశం అధికారికి దక్కింది. సంస్థానపు సిపాయికి అది దక్కలేదు. అతని భవితవ్యం పైవారి సంతకంతో తేలిపోయింది.

నగరంలోని పేర్లు మాత్రం ఆ సైన్యాన్ని మరువలేదు. బర్కస్ అంటే బ్యారక్సే. ఏ.సి. గార్డ్స్ ఆఫ్రికన్ అశ్వికదళం పేరు. ఫస్ట్ లాన్సర్ కూడా అటువంటిదే. పేర్లు మిగిలాయి, ఆ బస్తీల నుంచి సైన్యంలోకి వెళ్లే బాట మరుగున పడింది.

ఇటీవల మా ధూల్‌పేట్‌లో ఒక తండ్రి తన కుమారుడి అగ్నివీర్ దరఖాస్తు నింపించడానికి నా వద్దకు వచ్చాడు. అన్నీ పూర్తయ్యాక, “భాయిసాబ్, మనవాళ్లను తీసుకుంటారంటారా?” అని మెల్లగా అడిగాడు. నేను ఉస్మాన్ పేరు చెప్పాను, లతీఫ్ పేరు చెప్పాను. పిల్లవాడు ఆ రెండు పేర్లూ ఎన్నడూ వినలేదు. తప్పు వాడిదా, మనదా?

2006 నాటి సచార్ నివేదికలో రక్షణ దళాల లెక్క చేరలేదు. లెక్క లేనిచోట అనుమానమే పెరుగుతుంది. ప్రభుత్వం ఆ వివరాలను బహిరంగపరచాలి. పాతనగరంలో సైనిక నియామకాలకు ఉచిత శిక్షణ కేంద్రం నెలకొల్పాలి. మన పెద్దలు, మసీదు కమిటీలవారు సైతం ప్రభుత్వాన్ని నిందించి ఊరకుండరాదు. పిల్లల చదువు మధ్యలో ఆగిపోకుండా చూడాలి. ధ్రువపత్రాలు సకాలంలో ఇప్పించాలి. పరుగు పందేనికి మైదానం చూపాలి.

సెప్టెంబరు 17ను ఎవరు ఏ పేరుతోనైనా పిలుచుకోనిండు. ఆ రోజున పేరులేని ఆ సిపాయిని ఒక్కసారి తలచుకొని, అతని మునిమనుమడికి దరఖాస్తు నింపిపెడితే, అంతకు మించిన స్మరణ మరొకటి ఉండదు.