మూతపడని తలుపు

క్లోమగ్రంథిలోని బీటా కణాలకు సన్నని తలుపులుంటాయి. వాటిగుండా పొటాషియం బయటికి పోతూ ఉంటుంది. భోజనమయ్యాక రక్తంలో చక్కెర పెరిగితే, కణం దాన్ని ఏటీపీ అనే శక్తిగా మార్చుకుంటుంది. ఆ శక్తే తలుపులు మూస్తుంది. దాంతో కణంలో విద్యుత్తు మారి, వేరే దారిన కాల్షియం జొరబడి, నిల్వ ఉన్న ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది. జమ పడ్డాకే చెల్లింపు. మా బ్యాంకు పద్ధతే అనుకోండి!

కొందరు పసివాళ్లకు పుట్టుకతోనే ఈ తలుపు సరిగా మూతపడదు. ఇన్సులిన్ లోపలే ఉంటుంది, బయటికి రాదు. ఆరు నెలలు నిండకముందే మధుమేహం! దీనికి మూలమైన జన్యులోపాన్ని ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో హాటర్స్‌లీ గారి బృందం 2004లో బయటపెట్టింది. విశేషమేమిటంటే, మన పెద్దవాళ్లు ఏళ్ల తరబడి మింగిన గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మూసేదీ ఈ తలుపునే. 2006లో ప్రకటించిన పరిశీలనలో ఇలాంటివారు 49 మందికి ఈ తరహా మాత్రలిస్తే, 44 మంది ఇన్సులిన్ సూది మానగలిగారు.

అందుచేత ఆరు నెలల లోపే చక్కెర వ్యాధి బయటపడిన బిడ్డ మీ బంధువుల్లో ఉంటే, ఇప్పుడు పెళ్లీడుకొచ్చినా సరే, జన్యుపరీక్ష సంగతి డాక్టరుగారిని అడగండి. అందరికీ మాత్ర పనిచేయదు. డాక్టరు చెప్పేదాకా సూది ఒక్కపూట కూడా ఆపకండి.