పొగ - పొరుగు

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు అంటారు. ఏ మాట వెనుకనైనా ఎంతో కొంత నిజం ఉంటుందని చెప్పవలసి వచ్చినప్పుడు ఈ సామెతను వాడుతుంటాం. దానిని ఉన్నదున్నట్లుగా గ్రహిస్తే మరొక సత్యం కూడా స్ఫురిస్తుంది. నిప్పు ఒకరిదైతే పొగ మరొకరి పాలు కావచ్చు. నిప్పు రాజేసినవానికి దాని వేడి వలన లాభం కలుగుతుంది. పొగ మాత్రం గోడ దాటి పొరుగింట ప్రవేశిస్తుంది. లాభం ఒకరికి, దగ్గు మరొకరికి అన్న ఈ పంపకం ఎంతవరకు న్యాయం?

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోని సుల్తాన్‌పూర్ ప్రాంతాన్ని చూస్తే ఈ ప్రశ్న కళ్ళకు కట్టినట్లుంటుంది. సమీపంలోనే బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు ఉన్నాయి. 2017లో ఇక్కడే వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. బాహ్యవలయ రహదారి వచ్చిన తరువాత నివాస భవనాలు వేగంగా పెరిగాయి. నాటి మెదక్ జిల్లాలో మందుల, రసాయనాల కర్మాగారాలు వెలసిన తొలినాళ్ళలో వాటి చుట్టూ పొలాలూ పల్లెలూ ఉండేవి. నేడు అనేకచోట్ల ప్రహరీగోడకు చేరువలోనే బహుళ అంతస్తుల భవనాలు నిలిచాయి. ఒకనాడు దూరంగా కనిపించిన పొగగొట్టం ఇప్పుడు పడకగది కిటికీకి ఎదురయింది.

ఈ బాధ చలికాలపు రాత్రులలో మరింత పెరుగుతుంది. సాధారణంగా నేలకు దగ్గరగా ఉన్న వేడిగాలి పైకి లేస్తూ పొగను తనతో తీసుకొనిపోతుంది. శీతల రాత్రులలో నేల త్వరగా చల్లబడటం వలన చల్లని గాలి కిందనే నిలిచిపోయి, దానిపై వెచ్చని గాలిపొర మూతవలె పరచుకొంటుంది. అప్పుడు పొగ పైకి పోలేక ఇళ్ళ మధ్య తిరుగాడుతుంది. అందులోని అతిసూక్ష్మ ధూళికణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరి, రక్తంలో సైతం ప్రవేశించగలవు. వెలుపలి గాలి కాలుష్యం క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2013లో నిర్ధారించింది.

"మేము ముందు వచ్చాం, మీరు తరువాత ఇళ్ళు కట్టుకొన్నారు" అని యజమానులు అనవచ్చు. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. అయితే ముందు వచ్చినవానికి స్థలంపై హక్కు ఉండవచ్చునే గాని గాలిపై గుత్తాధికారం ఉండదు. గంటకు రెండు టన్నులలోపు ఆవిరిని ఉత్పత్తి చేసే చిన్న బాయిలర్ల పొగగొట్టం తొమ్మిది మీటర్లు గాని, పక్క భవనం ఎత్తుకు రెండున్నర రెట్లు గాని, ఏది ఎక్కువైతే అంత ఎత్తు ఉండాలని మన దేశంలో నియమం ఉంది. ఇందులోని కొలత గమనింపదగినది. పొగగొట్టం ఎంత ఉండాలో చెప్పటానికి పొరుగింటినే ప్రమాణంగా తీసుకొన్నారు.

ఈ భావన మనకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇళ్ళ హద్దులను గురించిన నియమాలున్నాయి. పొయ్యి, దంచే పరికరాలు మొదలైనవి పొరుగువాని గోడకు కొంత ఎడంగా ఉండాలని, నియమం మీరినవారు దండనకు పాత్రులని అందులో ఉంది. తన ఇంటిలో తాను వెలిగించే పొయ్యికి సైతం పొరుగువాని పట్ల బాధ్యత ఉంటుందని ప్రాచీనులు గుర్తించారన్నమాట.

అయితే గొట్టాన్ని ఎత్తు చేసినంత మాత్రాన సమస్య తీరిపోతుందా? లండన్ నగరంలో 1952 డిసెంబరులో అయిదు రోజులపాటు కమ్మిన పొగమంచు వలన దాదాపు 4,000 మంది మరణించినట్లు అప్పట్లో అంచనా వేశారు. దాని ఫలితంగా బ్రిటన్‌లో 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. ఆ తరువాత ఐరోపాలో విద్యుత్కేంద్రాల పొగగొట్టాలు బాగా ఎత్తుకు పెరిగాయి. దగ్గరివారికి కొంత ఉపశమనం కలిగింది. కాని ఆ వాయువులు దేశాల సరిహద్దులు దాటి ఆమ్లవర్షాలుగా కురిసి, స్వీడన్, నార్వే సరస్సులలోని చేపలను చంపాయి. గొట్టం పెరిగితే పొగ తగ్గదు, పొరుగువాడు మారుతాడు.

కనుక పరిష్కారం పొయ్యి దగ్గరనే మొదలు కావాలి. నల్లని పొగ అంటే సగం కాలిన ఇంధనమే. అది యజమానికి కూడా నష్టమే. తడిలేని ఇంధనం, చాలినంత గాలి, సక్రమంగా నిర్వహించే బాయిలర్ ఉంటే పొగ చాలావరకు తగ్గుతుంది. బొగ్గుకు బదులు సహజవాయువును వాడితే మసి ఇంకా తగ్గుతుంది. మిగిలిన ధూళిని బ్యాగ్ ఫిల్టర్లతో పట్టవచ్చు, కొన్ని వాయువులను నీటి జల్లుతో కడిగివేయవచ్చు. ఆ పరికరాలు తనిఖీనాడు మాత్రమే గాక, అర్ధరాత్రి కూడా పనిచేయాలి.

పొరుగువారికి కూడా కర్తవ్యం ఉంది. కోపంతో గేటు ముందు కేకలు వేయటం కన్న, ముందు యజమానితో మాట్లాడటం మంచిది. పొగ వచ్చిన తేదీ, సమయం, రంగు, వాసన, గాలి వీచిన దిక్కు రాసి ఉంచుకొంటే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది. నలుగురూ కలిసి కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా విన్నవించాలి. 1981 నాటి వాయు కాలుష్య చట్టం తనిఖీ చేసే అధికారాన్ని మండలికి ఇచ్చింది. ప్రజలకు ఇబ్బంది కలిగించే పనిని తొలగింపుమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది. కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

ఆలస్యం ఎంత ఖరీదైనదో పటాన్‌చెరు చరిత్ర చెబుతుంది. కర్మాగారాల వ్యర్థజలాల వలన నక్కవాగు, పరిసర గ్రామాల బావులు చెడిపోయాయి. దీనిపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం, అక్కడినుండి హైకోర్టుకు, పిదప జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017లో ముగిసింది. ఇరవై ఏడేళ్ళు! ఆ వ్యాజ్యం వేసిన నాడు పుట్టిన పసిబిడ్డ తీర్పు వచ్చేనాటికి తల్లో తండ్రో అయి ఉంటుంది. ఈ మధ్యలోనే, 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని దేశంలోని 43 తీవ్ర కాలుష్య ప్రాంతాలలో ఒకటిగా ప్రకటించింది. నీటికి జరిగినదే గాలికి జరగరాదు.

కర్మాగారాలు మూతపడాలని ఎవరూ కోరరు. వేలాది కుటుంబాలు వాటి మీదనే ఆధారపడి బ్రతుకుతున్నాయి. ఆ పొగను అందరికన్న ముందు పీల్చేది కూడా అక్కడి కార్మికుడే. పగలు కర్మాగారంలో పీల్చిన గాలినే రాత్రి ఇంటిలో తన బిడ్డలతో కలిసి పీలుస్తాడు. కూడు కావాలంటే ఊపిరి వదులుకొమ్మని అతనికి చెప్పటం అన్యాయం. రెండూ ఇవ్వగలిగినదే నిజమైన పరిశ్రమ.

రేపటి ఇంజనీర్లు, అధికారులు, యజమానులు నేటి విద్యార్థులలోనే ఉన్నారు. వారు ఏనాడైనా ఒక పొగగొట్టం కట్టించవలసి వస్తే, దాని పటం మీద సంతకం చేసే ముందు గోడ అవతల ఉన్న కిటికీని ఒకసారి చూడాలి.