అర్థం తెలుసు, మాట రాదు

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో కొత్తగా చేరిన కుర్రాడు ముందుగా మరిచిపోవాల్సింది బడిలో చదివిన ఇంగ్లీషే. అక్కడ 'హీట్' అంటే వేడి కాదు, కొలిమి నుంచి ఒక విడతలో దిగే ఉక్కు. 'చార్జ్' అంటే కోర్టులో మోపేదీ కాదు, సెల్‌ఫోన్‌కు పెట్టేదీ కాదు, కొలిమిలో పోసే ముడిసరుకు. 'పిగ్' అచ్చుల్లో పోసి గడ్డకట్టించిన ఇనుము. ఇక 'కిల్డ్ స్టీల్' అంటే కరిగిన ఉక్కులో కలిసి ఉన్న ఆక్సిజన్‌ను తీసేసి, అది బుసబుసమనకుండా శాంతింపజేసిన సరుకు. ఆక్సిజన్‌ను మనం ప్రాణవాయువు అంటాం కాబట్టి ఆ పేరు తెలుగువాడికి ఇంకా బాగా అతుకుతుంది.

ఈ మాటల్ని ఎవరూ జాబితా రాసిచ్చి బట్టీ పట్టించలేదు. అప్పటి సాక్చిలో 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె తయారైంది. కంపెనీ సాంకేతిక శిక్షణ సంస్థ 1921లో గానీ రాలేదు. ఇళ్లలో సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, హిందీ, తెలుగు మాట్లాడుకునే మనుషులు పనితో పాటే పనిమాటలూ పట్టేశారు. మాట చెవిన పడేసరికి వస్తువు కళ్లెదుట ఉంటుంది. తప్పుగా అర్థం చేసుకుంటే మేస్త్రీ కేకలేస్తాడు. మర్నాడు షిఫ్టులో అదే మాట మళ్లీ వినపడుతుంది. కొత్త మాట తలకెక్కడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు.

విచిత్రమేమంటే, దేశవ్యాప్తంగా వేలాది మంది పట్టభద్రుల చేత పదాల పట్టికలు వల్లె వేయించే పరీక్షకూ అదే ఊరు చిరునామా. 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ అనే జెస్యూట్ మతాచార్యుడు స్థాపించిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఉన్నది జంషెడ్‌పూర్‌లోనే. ఆ సంస్థ నిర్వహించే 'జాట్' ఏటా సాధారణంగా జనవరి తొలి ఆదివారం జరుగుతుంది. ఎంబీఏ సీటు ఆశించే తెలుగు కుర్రకారులో లెక్కలకు, డేటాకు జంకేవాళ్లు తక్కువ. ఇంటర్ రెండేళ్లూ వాళ్లు చేసింది ఆ పనే. దెబ్బ పడేది ఇంగ్లీషు విభాగంలో. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంజనీరింగ్‌లో నెట్టుకొచ్చిన విద్యార్థికి ఆ విభాగమే గడప. తక్కిన రెండింట్లో ఎన్ని మార్కులొచ్చినా ఇక్కడ కటాఫ్ అందకపోతే ఇంటర్వ్యూ పిలుపు రాదు.

ఆ భయాన్ని సొమ్ము చేసుకున్నవి పదాల పట్టికలు. అమీర్‌పేట ఫుట్‌పాత్‌ల మీద జీఆర్‌ఈ పట్టికల జిరాక్సు కట్టలు కొన్ని తరాల విద్యార్థుల చేతులు మారాయి. అ నుంచి జడ్ దాకా మూడున్నర వేల మాటలు, ఎదురుగా ఒక్కొక్క అర్థం. ఒకప్పుడు ఆ కష్టానికి కూలి గిట్టేది కూడా. వ్యతిరేకార్థం చెప్పమనే, జంటపదాలు కలపమనే ప్రశ్నలు జీఆర్‌ఈలో నేరుగా వచ్చేవి. 2011 ఆగస్టులో ఆ పరీక్ష రూపం మార్చుకుని ఆ రెండు రకాల్నీ తీసిపారేసింది. వాక్యంలో ఖాళీ వదిలి, అక్కడ పొసిగే మాట ఏదో తేల్చమంటోంది. అమెరికా కాలేజీ ప్రవేశాల శాట్ కూడా 2016లో అరుదైన పదాల ప్రశ్నలకు స్వస్తి చెప్పి, సందర్భంలో అర్థం అడగడం మొదలుపెట్టింది. జాట్ మరో అడుగు ముందుంది. అందులో పద్యం ఇచ్చి భావం అడిగే అలవాటు ఉంది. కవి ఒక మాటను ఏ అర్థంలో వాడాడో చెప్పే పట్టిక ఏ జిరాక్సు షాపులోనూ దొరకదు. పైగా ఒక్కో ప్రశ్నకు ఐదు ఆప్షన్లు, తప్పు జవాబుకు పావు మార్కు కోత.

పట్టిక ఎక్కడ మోసం చేస్తుందో చూడాలంటే 'శాంక్షన్' చాలు. బ్యాంకులో లోన్ శాంక్షనైందంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఇరాన్ మీద అమెరికా శాంక్షన్లు పెట్టిందంటే పెట్రోలు ధర గుర్తొస్తుంది. ఒకటి అనుమతి, రెండోది ఆంక్ష. 'ఓవర్‌సైట్' కూడా అంతే. పర్యవేక్షణ అన్నా అదే, చూడక చేసిన పొరపాటు అన్నా అదే. ఎదురుగా ఒక్క అర్థం రాసుకున్నవాడు సగం సార్లు తప్పుతాడు.

నిఘంటువు ఒక్కటే దిక్కైతే ఏమవుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా గిల్డియా 1987లో సరదా ఉదాహరణలతో చూపారు. బడిపిల్లలకు కొత్త మాటలిచ్చి, నిఘంటువు చూసి వాక్యాలు రాయమన్నారు. కోతకు గురికావడం అనే అర్థం గల 'ఎరోడ్'కు నిఘంటువులో 'ఈట్ అవుట్' అని కనిపించింది. ఒక చిన్నారి దాన్ని హోటల్లో తినడం అనుకుని, తమ కుటుంబం తరచూ 'ఎరోడ్' అవుతుందని రాసేసింది. శంకరనారాయణ నిఘంటువు ముందేసుకుని సొంతంగా ఇంగ్లీషు వ్యాసం రాసిన ఏ తెలుగు విద్యార్థికైనా ఈ అనుభవం కొత్త కాదు.

కాబట్టి పట్టికలు చించేసి, రోజూ ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదవమనడం కోచింగ్ సెంటర్ల సరికొత్త మంత్రం. వినడానికి బాగుంది. కానీ చాలామంది విద్యార్థులకు ఇది పట్టిక కంటే పెద్ద శిక్ష. చుట్టూ ఉన్న మాటలు తెలిస్తేనే తెలియని మాటకు అర్థం ఊహించగలం. భాషాబోధనలో పేరున్న న్యూజిలాండ్ పండితుడు పాల్ నేషన్, ఆయన సహ పరిశోధకురాలు 2000లో తేల్చిన లెక్క ప్రకారం, ఇతరుల సాయం లేకుండా హాయిగా చదువుకోవాలంటే వందకు 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు ఒక్కటే కొత్తది. పది మాటలకొకటి తెలియని సంపాదకీయంలో సందర్భం సాయపడదు, సందర్భమే అయోమయం. నెదర్లాండ్స్ పరిశోధకులు 1999లో పాత అధ్యయనాలన్నీ క్రోడీకరిస్తే, మామూలుగా చదువుతూ పోయినప్పుడు ఎదురైన వంద కొత్త మాటల్లో నిలిచేవి పదిహేను మాత్రమేనని తేలింది. పరీక్షకు ఆరు నెలలే ఉన్నవాడికి ఈ వేగం చాలదు.

ఈ విషయం మన పూర్వపు పంతుళ్లకు తెలుసు. అమరకోశం వల్లె వేయించడాన్ని బట్టీ చదువని ఇప్పుడు తేలిగ్గా కొట్టిపారేస్తారు. కానీ ఆ చదువు అమరంతో ఆగలేదు. శబ్దమంజరి, అమరం అయ్యాక రఘువంశం చేతికిచ్చేవారు. నోటికొచ్చిన మాట కావ్యంలో శ్లోకం శ్లోకానికీ ఎదురయ్యేది. గురువు అన్వయం చెప్పించేవాడు. కోశం ఒక కాలు, కావ్యం రెండో కాలు. కోచింగ్ సెంటర్ మొదటి కాలు మీదే పదేళ్లు కుంటించి, ఇప్పుడు రెండో కాలి మీదకు దూకమంటోంది. నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' గతీ అంతే. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ పుట్టిన 1949లోనే వెలువడిన ఆ పుస్తకం నిండా అభ్యాసాలే. ధాతువు చెప్పి, ఖాళీలు పూరించమని, పైకి పలకమని, వెనక్కొచ్చి సరిచూసుకోమని ప్రతి అధ్యాయంలో వెంటపడుతుంది. మనవాళ్లు అభ్యాసాలు వదిలేసి మాటలు మాత్రం ఎర్ర పెన్నుతో గీసుకున్నారు.

అభ్యాసం సంగతి చెప్పాలంటే 2008లో 'సైన్స్' పత్రికలో జెఫ్రీ కార్పికి, హెన్రీ రోడిగర్ ప్రకటించిన ప్రయోగం చూడాలి. కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు ఇచ్చారు. ఒకసారి సరిగ్గా చెప్పిన మాటను కూడా మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకుని చెప్పినవాళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం జ్ఞాపకమున్నాయి. వచ్చేసిన మాటను ఇక అడగకుండా, చదవడం మాత్రం కొనసాగించినవాళ్లకు మూడో వంతు కాస్త అటూ ఇటుగా మిగిలింది. పేజీ తిరగేసి 'ఇది వచ్చు' అనుకోవడానికి, పేజీ మూసి మాట పైకి అనడానికి అంత తేడా ఉందన్నమాట. ఖర్చులేని పద్ధతి జర్మన్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లోనే చెప్పాడు. అట్టముక్కకు ఒకవైపు మాట, రెండో వైపు అర్థం రాసి గదుల పెట్టెలో వేయాలి. చెప్పగలిగితే ముక్క తర్వాతి గదిలోకి వెళ్తుంది, కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. చెప్పలేకపోతే మొదటి గదికి వచ్చేస్తుంది, రేపే చూడాలి. ఇప్పటి మొబైల్ యాప్‌లు చాలావరకు చేసేదీ ఇదే. ముక్క మీద ఒంటి మాట బదులు, అది కనిపించిన వాక్యం రాసి మాట చోట ఖాళీ వదిలితే జాట్ అడిగేదానికి ఇంకా దగ్గరవుతుంది. చదవడానికి సంపాదకీయం కంటే క్రీడల పేజీతో మొదలుపెట్టడం మేలు. క్రికెట్ తెలిసినవాడికి యాభైకి ఒకటి లెక్క అక్కడ సరిపోతుంది. మూడు నెలల తర్వాత సంపాదకీయం ఎక్కడికీ పోదు.

సొంత భాషలో ఈ పని తెలియకుండానే చేస్తుంటాం. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం దగ్గర శ్రీకాకుళం మూలాలున్న ముసలాయన ఎవరైనా 'మా గుంట' అంటే ఆయన మాట్లాడేది కూతురి గురించి. అదే మాట మెదక్ రైతు నోట వస్తే ఎకరంలో నలభయ్యో వంతు. గుంటూరులో రోడ్డు మీద ఉంటే బండి పక్కకు తిప్పాలి. మూడు అర్థాలూ చెప్పిన పట్టికను చదివి ఎవరూ తెలుగు నేర్చుకోలేదు.

ఆ వెసులుబాటు లేనిది మాత్రం జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో సంతాలీ, హో ఇళ్ల నుంచి ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు. వాళ్లకు బడిలోని హిందీలో తెలియనిది యాభైకి ఒక మాట కాదు, దాదాపు అన్నీ. అలాంటి చోట సందర్భాన్ని బట్టి నేర్చుకోమనడం ఈత రాని పిల్లాణ్ని ఖర్కాయ్‌లో తోసి ఒడ్డుకు రమ్మనడమే. ఎంబీఏ అభ్యర్థి పోగొట్టుకునేది ఒక ఏడాది. ఈ పిల్లలు నోరు విప్పకుండా రెండు మూడు తరగతులు గడిపి బడే మానేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000 దశకం నడుమ సవర, కోయ, గోండీ సహా ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చి ఈ గండం దాటించే ప్రయత్నం మొదలుపెట్టింది. జార్ఖండ్ 2022లో 'పలాశ్' పేరుతో సంతాలీ, హో, ముండారీ, కుడుఖ్, ఖడియా భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభించింది. ముందు ఇంటి మాటలో చదువు, దాని ఆసరాతో హిందీ అన్నది దాని వరస. సంతాలీకి రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికీ లిపి ఉంది, 2003 నాటి 92వ సవరణతో ఎనిమిదో షెడ్యూల్లో చోటూ దొరికింది. లాకో బోద్రా రూపొందించిన వారంగ్ క్షితి లిపి ఉన్నా, సింగ్‌భూమ్ ఊళ్లలో విరివిగా వినిపించే హో భాషకు ఆ చోటు ఇంకా దక్కలేదు.