అమానతు కాపాడు నాయకత్వము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు 2023 మార్చి నెలను అంత సులభముగా మరువలేరు. అంతకు ముందు 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్షను తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమీషను ఆ నెల 17న రద్దు చేసినది. 503 ఉద్యోగాల కొరకు రెండున్నర లక్షలకు మించిన అభ్యర్థులు వ్రాసిన పరీక్ష అది. అప్పు చేసి హైదరాబాదులో అద్దె గదులలో ఉండి చదివిన పల్లెటూరి బిడ్డల ఏండ్ల శ్రమ ఒక్క ప్రకటనతో నేలపాలైనది.

పోలీసులు పట్టుకొన్న నిందితులలో కమీషను కార్యాలయములో పనిచేయువారే ఉన్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడను సామెత కంప్యూటరు కాలములోనూ పాతబడలేదు. అది కంప్యూటరు తెలిసినవారి పని, అధికారులకేమి సంబంధమని కొందరు వాదింతురు. మేము అంగీకరింపము. ఏ తాళము ఎవరి చేతిలో ఉండవలెనో నిర్ణయించునది యంత్రము కాదు, పెద్దకుర్చీలో కూర్చున్న మనిషి. తాను పెట్టిన నియమమునకు తానే మొదట లోబడని అధికారి మాట గుమాస్తా ఏల వినును?

అంతకన్న బాధాకరమైనది తరువాతి ఘట్టము. 2023 జూన్ 11న పరీక్ష మరల జరిపిరి. మొదటిసారి తీసికొన్న వేలిముద్రలను ఈసారి తీసికొనలేదు. సెప్టెంబరులో హైకోర్టు దానిని కూడ రద్దు చేసినది. ఇందులో దొంగ లేడు, గూఢచారి లేడు. చేయవలసిన మామూలు పని చేయకపోవుట మాత్రమే ఉన్నది. దెబ్బ తిన్న సంస్థకు మరింత జాగ్రత్త నేర్పవలసినవారు ఉన్న జాగ్రత్తనే వదలిరి.

మరియొక గుణము, చెడువార్తను కోపము లేక వినుట. సైబరు దాడి తెలిసిన 6 గంటలలో తెలుపవలెనని కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించినది. కసరు అధికారికి ఆరు దినములైనా ఎవరును చెప్పరు.

మన ఇండ్లలో అమానతు అను మాట పసిపిల్లలకు కూడ తెలుసు. దాచుమని ఇచ్చిన సొమ్ము దాచినవాని సొంతము కాదు. మన కళాశాలలోనూ విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, స్కాలర్‌షిప్పు కాగితములు, మార్కులు అట్టి అమానతులే. ఆ కంప్యూటరు పాస్‌వర్డు ఎందరికి తెలుసు? ఉద్యోగి మారిన దినముననే దానిని మార్చుచున్నామా? రాబోవు సమావేశములో కమిటీ పెద్దలు ఈ రెండు ప్రశ్నలను చర్చకు తీసికొనవలెనని మా మనవి.