ఆ తెల్ల డబ్బాలు వెనక్కి తీసుకుందాం

పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి. మొన్న ఉగాది మేళాలో మన సంఘం స్టాలులో అమ్మిన తెల్ల డబ్బాల గురించే ఇది. మేం నలుగురం సభ్యులం కూర్చుని రాస్తున్నాం. ఆ స్టాలు పెట్టిన వదినలు మాకు పరాయివాళ్ళు కారు. వాళ్ళ చేతి పులిహోర తిని పెరిగినవాళ్ళమే. అమ్మిన డబ్బులు మన పిల్లల తెలుగు తరగతులకే వెళ్తున్నాయనీ తెలుసు. అయినా చెప్పక తప్పడం లేదు.

డబ్బా మీద నాలుగు మాటలు రాశారు: "ఇంట్లో చేసిన జింక్ సన్‌స్క్రీన్. కెమికల్స్ లేవు. ఎస్‌పీఎఫ్ 50. నిగారింపు ఖాయం." ఇందులో ఇంట్లో చేశారన్నది ఒక్కటే నిజం. మా గొడవ కూడా దానితోనే.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాం. జింక్ ఆక్సైడ్ మంచి సరుకు. 2019లో అమెరికా ఎఫ్‌డీఏ అక్కడి సన్‌స్క్రీన్లలో వాడే 16 పదార్థాలను పరిశీలించి, భద్రమని చెప్పడానికి చాలినంత ఆధారం రెండింటికే ఉందంది. ఒకటి జింక్ ఆక్సైడ్, రెండోది టైటానియం డయాక్సైడ్. చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలనూ, లోపలికి దిగి ముడతలూ మచ్చలూ తెచ్చే యూవీఏ కిరణాలనూ జింక్ ఆపుతుంది. ఎండలో త్వరగా చెడిపోదు. పసిపిల్లల ఒరుపులకు రాసే క్రీములో ఉండేదీ, చిన్నప్పుడు చెమటకాయలకు అమ్మ పూసిన గులాబీరంగు క్యాలమైన్‌లో ఉండేదీ ఇదే.

అయితే పొడి వేరు, సన్‌స్క్రీన్ వేరు. బియ్యప్పిండి చూపించి అట్టు అనం కదా.

జింక్ అద్దంలా ఎండను తిప్పికొడుతుందని స్టాలులో చెప్పారు. చాలామంది డాక్టర్లూ అలాగే చెప్పేవారు. 2016లో కొలిచి చూస్తే, అది తిప్పికొట్టే అతినీలలోహిత కిరణాలు నాలుగైదు శాతమే. మిగతా పనంతా పీల్చుకోవడం వల్ల జరుగుతుంది. పీల్చుకోవాలంటే రేణువులు చర్మం మీద ఎక్కడా సందు లేకుండా సమానంగా పరుచుకోవాలి. జింక్ రేణువులకు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టే గుణం ఉంది. ఫ్యాక్టరీలో వాటికి పూత వేసి, విడదీసే పదార్థాలు కలిపి, పెద్ద మిక్సర్లలో గంటల తరబడి తిప్పేది అందుకే. మనం చేసిందేమిటి? కొబ్బరినూనెలో చెంచాతో కలిపాం. కంటికి నున్నగానే కనిపిస్తుంది, నిజమే. కానీ ఉండకూ ఉండకూ మధ్య కంటికి కనపడని సందులుంటాయి, ఎండ వాటిలోంచి నేరుగా దిగిపోతుంది. పైగా జింక్ ఆక్సైడ్ నీటికన్నా అయిదున్నర రెట్లు బరువు. కొబ్బరినూనె పాతిక డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన బరంపురం చైత్రంలో అది గడ్డకట్టి ఉండే రోజేది? పొడంతా డబ్బా అడుక్కి దిగింది. మా ఇంట్లో డబ్బా తీసి చూశాం, పైన నూనె, కింద సున్నం ముద్ద. మొదటి వారం రాసుకున్నవాళ్ళకు అందింది నూనే.

ఎస్‌పీఎఫ్ 50 సంగతి. ఆ అంకె రావాలంటే మనుషుల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి, దీపం కింద పెట్టి, చర్మం ఎప్పుడు ఎర్రబడుతుందో చూడాలి. మనం ఎవరి వీపు మీద చూశాం? 2025లో ఆస్ట్రేలియాలో వినియోగదారుల సంస్థ ఒకటి 20 సన్‌స్క్రీన్లను పరీక్షకు పంపితే 16 తమ మీద రాసుకున్న అంకెను అందుకోలేదు. వాటిలో 50+ అని రాసుకున్న ఒక జింక్ సన్‌స్క్రీన్‌కు వచ్చింది 4. నమ్మలేక ఇంకో ల్యాబుకు పంపితే 5. ల్యాబులూ లైసెన్సులూ ఉన్న కంపెనీ గతి అది. మన గిన్నె, మన చెంచా ఏపాటివి?

కెమికల్స్ లేవన్న మాటకు నవ్వాలో ఏడవాలో తెలీదు. జింక్ ఆక్సైడ్ కెమికలే, కొబ్బరినూనే కెమికలే. అసలు అడగాల్సింది ఆ పొడి ఎక్కణ్ణుంచి వచ్చిందని. అడిగాం. రంగుల దుకాణం నుంచి కిలో లెక్కన తెచ్చారట. లోకంలో జింక్ ఆక్సైడ్ ఎక్కువగా వెళ్ళేది టైర్లకూ రబ్బరుకూ. ఆ రకం సరుకులో సీసం, కాడ్మియం మిగిలి ఉండొచ్చు. ఒంటికి రాసేదానికి వేరే గ్రేడు ఉంటుంది. అమ్మకానికి ఇలాంటివి తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సూ కావాలి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు పోయేది సంఘానికి.

నిగారింపు గురించి రాయాలంటే మాకే సిగ్గేస్తోంది. తెల్ల పొడి పూస్తే ముఖం తెల్లగా కనపడదా? కడిగితే పోతుంది. పెళ్ళీడు పిల్లలకు ఇది చూపించి అమ్మడం ఏం పద్ధతి? మన ఛాయవాళ్ళకు ఎక్కువ బాధ మంగు మచ్చలు. వాటిని పెంచేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా. దాన్ని ఆపడానికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన గోధుమరంగు సన్‌స్క్రీన్లు ఉన్నాయి. తెల్లగా చేస్తామన్నది పూసుకుంటూ మచ్చలు పెంచుకుంటున్నాం.

ఇక మమ్మల్ని ఈ పోస్టు రాయించిన విషయం. మన సభ్యుల ఇంటి అమ్మాయి ఒకర్తె, పేరు అక్కర్లేదు, బొల్లి మచ్చలున్న పిల్ల. ఆ మచ్చల్లో రంగు ఉండదు గనక ఎండకు అడ్డేమీ ఉండదు. గోపాల్‌పూర్ పిక్నిక్‌కు ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చేది. ఈసారి మన డబ్బా రాసుకుని, పొట్టి చేతుల జాకెట్టుతో, తోటి పిల్లల్లాగా పది నుంచి రెండు దాకా ఇసుకలో ఆడింది. సాయంత్రానికి మచ్చలన్నీ ఎర్రగా ఉబ్బి బొబ్బలెక్కాయి. వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "సంఘం వాళ్ళదే కదా అని రాశాను" అందంతే.

బజారు సన్‌స్క్రీన్ ఖరీదు, మనది 80 రూపాయలు అని వదినలు అంటున్నారు. ఖరీదు మాట నిజమే. అయితే అందరికీ అది అక్కర్లేదు. గొడుగు, తుండు, పొడుగు చేతుల నూలు బట్ట చాలామందికి సరిపోతాయి. ఠాకురాణి యాత్రలో గంటలకొద్దీ నిలబడే మన పెద్దలు ఏం చేస్తారో చూడండి. బొల్లి, మంగు ఉన్నవాళ్ళకూ, ఎండ పడని మందులు వాడేవాళ్ళకూ తప్పనిసరి. వాళ్ళకు డాక్టరు రాసినది సంఘం నిధి నుంచి సగం ధరకు ఇప్పిద్దాం. అంతమంది లేరు మనలో, భరించగలం.

ఆదివారం సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. స్టాలులో డబ్బాలు ఆపాలి. ఆ అమ్మాయి మందుల ఖర్చు సంఘం ఇవ్వాలి. ఇంట్లో డబ్బా ఉన్నవాళ్ళు తెచ్చెయ్యండి. సగం వాడినదైనా సరే, 80 రూపాయలూ వాపసు ఇస్తాం. నిధి నుంచి కుదరదంటే మా నలుగురి జేబుల్లోంచి.