మా చెయ్యి, మా తరీఖా

"వాయిస్ ఉన్నది గదా చాచా, ఇంక టైపింగ్ నేర్చుకునుడెందుకు?"

పోయిన జుమ్మా నాడు నమాజు అయినంక మజీద్ మెట్ల మీద చెప్పులేసుకుంటుంటే మా గల్లీ పిలగాడు అన్న మాట ఇది. వాని నియ్యత్ ఖరాబేం కాదు. నా ఎడమ చెయ్యి పదమూడేండ్ల నుంచి పని చేస్తలేదని మా పోచంపల్లిల అందరికీ ఎరుకే. చౌటుప్పల్ రోడ్డు మీద బండి మీది నుంచి పడ్డప్పుడు భుజంల నరాలు తెగినయి. చెయ్యి ఉన్నది, జాన్ లేదు. అంగీ జేబుల పెట్టుకుని తిరుగుత. ఉన్న కుడిచేత్తోనే ఈ పోస్టులన్నీ కొడుతున్న.

పిలగాడు అడిగింది నా కోసం కాదు, వాళ్ల చెల్లె కోసం. ఆ బిడ్డకు పుట్టుకతోనే కుడిచెయ్యి మోచేతి కాడికే ఉన్నది. డిగ్రీ అయిపోయింది, కంప్యూటర్ల తెలుగు టైపింగ్ నేర్చుకుంటనంటున్నది. ఒకరు వాయిస్ అన్నరట. ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాలతోని కొట్టు, ఆసాన్ అన్నరట. టైపింగ్ నేర్పేటాయన ఒకాయన ఇన్‌స్క్రిప్ట్ తప్ప వేరేది నేర్పం, దానికి రెండు చేతులు కావాలె అని చెప్పి పంపిచ్చిండట. ఇంత మంది మషోరా ఇచ్చిన్రు, ఒక్కరన్న ఆ బిడ్డను కూసోబెట్టి, "ఏదమ్మా, నీ ఐదు వేళ్లు ఎంత దూరం అందుతయి, చూపియ్యి" అన్లేదు. నా కోపం అక్కడ.

ముందుగాల వాయిస్ సంగతి. 2017 ఆగస్టుల గూగుల్ ఎనిమిది హిందుస్తానీ జబాన్లకు వాయిస్ టైపింగ్ పెట్టింది. దాంట్ల తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. నేను ఖుష్ అయిన. ఇంక వేళ్ల నొప్పి పోయిందనుకున్న. ఫోన్ ముందట కూసోని మా ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడిన. "అమ్మీ ఫజర్‌కు లేచి చూల్హా ముట్టిచ్చేది" అంటే దానికి సగం సమజ్ కాలేదు. తెలుగు పెడితే ఉర్దూ మాటలు పల్టాయిస్తది, ఉర్దూ పెడితే తెలుగు క్రియ గాయబ్. రెండు జబాన్లూ ఒక్కనాడే దాంట్లకు వచ్చినయి, కానీ రెంటినీ ఒక్క నోటితోని మాట్లాడేటోళ్లుంటరని దానికి ఖబరే లేదు. ఇప్పుడు మునుపటి కన్న నయమే, కాదనను. అయినా "పోయిండు" అంటే "పోయాడు" అని దిద్దే పంతులు దాంట్ల ఇంకా కూసోనే ఉన్నడు. రాసింది మొత్తం మళ్లా వేళ్లతోనే సాఫ్ చేసుకోవాలె. ఇగ వేళ్లు బచాయించినట్టు ఎట్లయితది?

ఇంకో మాట. మా ఇంటికి అటొక మగ్గం, ఇటొక మగ్గం. పొద్దుగాల మొదలైన చప్పుడు రాత్రి దాంక ఆగదు. అండ్ల నా ఆవాజ్ ఆ మైకుకు ఎట్ల వినబడాలె? పైగా రాసుకునే మాటలన్నీ గట్టిగ చదివేటివి కావు. భార్య మీద అలిగి రాసుకునేది, బాకీ గురించి దోస్తుకు రాసేది, ఎవ్వరికీ చూపియ్యని కవిత... ఇవన్నీ ఇంటిల్లిపాది ముందట ఒర్రుకుంట రాయాల్నా? రెండు చేతులున్నోళ్లు చాటుంగ రాసుకోవచ్చు, మేము మాత్రం ఎలాన్ చేసి రాయాల్నా? ఆ బిడ్డకు ఇరువై రెండేండ్లు. ఆమెకు తనదంటూ ఒక చాటు వద్దా?

రెండోది ఇంగ్లీషు అక్షరాల తరీఖా. లేఖిని అసుంటివి లేకుంటే నేను బ్లాగ్ మొదలే పెట్టకపోదును, ఆ ఎహ్సాన్ మర్చిపోను. అనూ ఫాంట్ల కొట్టింది ఇంటర్నెట్ల ఎక్కనప్పుడు తెలుగు రాసుకునే దారి మాకు దొరికింది అట్లనే. కానీ ఒంటిచేతితోని కొట్టి చూడున్రి. సున్నకు పెద్ద ఎమ్, ట కు పెద్ద టీ, డ కు పెద్ద డీ, ణ కు పెద్ద ఎన్, ళ కు పెద్ద ఎల్. ప్రతి దానికీ షిఫ్ట్ వట్టుకోవాలె. తెలుగుల సున్న లేని వాక్యం ఎన్నడన్న చూసిన్రా? పైగా అచ్చుకూ హల్లుకూ వేరువేరు బటన్లు. మనం "మా" అని ఒక్క అక్షరం రాస్తే వేళ్లు మూడు సార్లు పడాలె. రెండు చేతులోనికి అది లెక్కలకు రాదు. నాకు సాయంత్రానికి మణికట్టుల తెలుస్తది.

ఇగ ఇన్‌స్క్రిప్ట్. సర్కారీ ప్రమాణం ఇది, 1991ల బీఐఎస్ ఐఎస్ 13194 అని పక్కా చేసిన లెక్కల ఉన్నది. దీని హునర్ నేను ఒప్పుకుంట. హల్లులు కుడిపక్క, గుణింతాలు ఎడమపక్క. హిందీల క ఎక్కడుంటదో తెలుగుల క అక్కడ్నే ఉంటది. కుడిచెయ్యి హల్లు కొడితే ఎడమచెయ్యి గుణింతం పెడుతది, తబలా జోడు లెక్క. మరి ఒక్క తబలానే ఉన్నోని సంగతేంది?

మా ఊరి పేరే కొట్టి చూద్దాం. పోచంపల్లి. ప కుడిపక్క. ఓత్వం ఎడమపక్క చివర. చ మళ్లా కుడి చివరకు. సున్న ఎడమ కింద. ప కుడి, ల కుడి, పొల్లు ఎడమ, మళ్లా ల కుడి, గుడి ఎడమ. తొమ్మిది దెబ్బలు, ఏడు సార్లు చెయ్యి ఈ దరి నుంచి ఆ దరికి పోవాలె. ఇంగ్లీషు అక్షరాల కన్న దెబ్బలు తక్కువే, తిరుగుడే ఎక్కువ. ఒక్క ఊరి పేరుకు ఏడు. మరి ఒక పేజీకి?

ఈ తిరుగుడు నాకు కొత్త కాదు, మా అమ్మీ దగ్గర చూసిన. మాకు మగ్గం లేకుండె. అబ్బా సైకిల్ పంచర్లు అతికేటోడు. అమ్మీ పక్కింటి పద్మశాలోళ్లకు కూలికి ఆసు పోసేది. ఆసు చూడనోళ్ల కోసం చెప్తున్న: ఇక్కత్ చీరకు రంగులద్దకముందు నూలును ఒక దిక్కు ఒంటి మేకు నుంచి ఇంకో దిక్కు అర్ధచంద్రం లెక్క వరుసగ ఉన్న మేకులకు చుట్టాలె. చెయ్యి అటు పోవాలె, ఇటు రావాలె. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు అంటరు. రాత్రి అమ్మీ భుజానికి నేను జిందా తిలిస్మాత్ రాసేటోన్ని. "సబర్ కర్ బేటా, ఆదత్ హో జాతీ" అనేది. ఆదత్ కాలేదు. చివరికి తల దువ్వుకునుటానికి గూడ ఆ చెయ్యి లేవకపోయేది.

గా దర్ద్‌నే ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజంల చూసిండు. ఏండ్లకేండ్లు తిప్పలు వడి 1999ల ఆసు యంత్రం ఖతం చేసిండు, దానికి తల్లి పేరే పెట్టిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు, సినిమా గూడ వచ్చింది. అందరం చప్పట్లు కొట్టినం. కానీ ఆయన చేసిందేందో యాది చేసుకున్రి. తల్లికి "ఆదత్ చేసుకో" అన్లేదు. "నీ తోటి కాదు, ఈ పని ఇడిసిపెట్టు" అని గూడ అన్లేదు. చెయ్యిని కాదు, ఆసును మార్చిండు. మరి మా ఒంటిచేతోళ్ల కాడికి వచ్చేసరికి ఈ ఇలాఖా మొత్తానికి ఆ అఖల్ ఎటు పోయింది?

నేను చేసుకున్నది చెప్త. కీబోర్డు లేఅవుట్లు మార్చుకునే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌దే ఒకటి ముఫత్‌ల దొరుకుతది. దాంతోని ఇన్‌స్క్రిప్ట్‌నే తీసుకుని, పొల్లునూ సున్ననూ ఎడమ నుంచి ఎత్తి, కుడిపక్క ఎంటర్ దగ్గర తెలుగుకు పెద్దగ పనిలేని రెండు బటన్ల మీద పెట్టుకున్న. గంతే. ఇప్పుడు మళ్లా పోచంపల్లి కొట్టున్రి. ఏడు సార్ల తిరుగుడు మూడుకు దిగింది. వెడల్పు కీబోర్డు ఇడిసి చిన్నది కొనుక్కున్న, ఆ మూడు సార్లు గూడ జానెడు దూరమే. షిఫ్ట్ కోసం స్టిక్కీ కీస్. షిఫ్ట్ ఐదు సార్లు కొడితే ఆన్ అయితది. తర్వాత షిఫ్ట్ ఒకసారి కొట్టి ఇడిసిపెట్టి, అక్షరం కొట్టాలె, రెండూ ఒక్కపాలి వట్టుకునే పని లేదు. మాకు ఇది లేకుంటే అస్సలు నడవదు. ఖ షిఫ్ట్‌లనే ఉన్నది, ఫ షిఫ్ట్‌లనే ఉన్నది. ఖబర్, ఖాలా, ఖైరియత్, ఫిక్ర్, ఫైస్లా... మా జిందగీ అంతా షిఫ్ట్ మీదనే ఉన్నది భాయ్. అమ్మీ, అబ్బా అని రాయాలన్నా మొదలు షిఫ్టే.

ఇంగ్లీషోళ్లకు ఈ తక్లీఫ్ ఎప్పుడో సమజయింది. విండోస్‌ల డ్వోరాక్ లేఅవుట్లు కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి అలగ్ ఉన్నయి. కెనడాల ఎడ్గర్ మాటియాస్ అనేటాయన హాఫ్ క్వర్టీ చేసిండు. స్పేస్ బార్ వట్టుకుంటే కీబోర్డు ఆ సగం అద్దంల లెక్క ఈ సగం మీదికి వస్తది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్‌ల మౌస్‌ను దునియాకు చూపిచ్చిననాడు ఆయన రెండో చేతి కింద ఐదే బటన్ల పెట్టె ఉన్నది, వేళ్లు కలిపి నొక్కితే అక్షరం పడుతది. రెండు చేతులూ సలామత్‌గ ఉన్నాయన ఒంటిచేత్తో కొట్టే తరీఖా ఆలోచించిండు. తెలుగుకు అసుంటి ఒంటిచేతి లేఅవుట్ విండోస్‌ల నాకు కానరాలేదు, అందుకే నేను చేసుకున్న. నేను ఇంజనీర్‌ను కాను, డీటీపీ పనోన్ని.

"స్పీడ్ రాదు గదా" అంటరు. రాదు. రెండు చేతులోనంత నాకు రాదు, నేనేం ఛాలెంజ్ చేస్తలేను. కానీ ఆ స్పీడ్ కొలిచే తీరు చూడున్రి. ఒకపాలి ఒక నౌకరీ కోసం టైపింగ్ పరీక్షకు పోయిన. ఎక్కడ, ఎవ్వరిది అనేది వద్దు. కూసున్న, స్టిక్కీ కీస్ కోసం షిఫ్ట్ ఐదు సార్లు కొట్టిన, తెర మీద డబ్బా వచ్చింది. పరీక్ష కాడ నిలబడ్డ సారు ఉరికొచ్చి బంద్ చేసిండు. "సెట్టింగ్స్ ముట్టుకోవద్దు, అందరికీ ఒకటే రూల్." నేను వాదించలేదు, అప్పుడు నాకు కానూన్ తెల్వకుండె. పది నిమిషాలు బొటనవేలు షిఫ్ట్ మీద పెట్టి, చిటికెన వేలు సాపి కొట్టిన. ఫెయిల్.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నది. సర్కారీ సంస్థలు మా అవసరానికి తగ్గ సవరణలు చెయ్యాలె అని అండ్ల ఉన్నది. సవరణ అంటే ఇక్కడ ఎంత? పైసా ఖర్చు లేని, ప్రతి కంప్యూటర్‌ల ముందే ఉన్న ఒక్క సెట్టింగ్. అందరికీ ఒకటే రూల్ అంటె ఇన్సాఫ్ అని ఎవ్వరు చెప్పిన్రు? నిలబడలేనోడు కూసోని నమాజు చదువచ్చు, కూసోలేనోడు పండుకోని చదువచ్చు. నీళ్లు లేకుంటే మట్టితోని తయమ్ముమ్. అల్లా కాడ ఉన్న ఆ గుంజాయిష్ ఒక టైపింగ్ పరీక్ష కాడ లేకపాయె.

ఫోన్ల రాసుకునేటోళ్లకు నేనేం చెప్ప. ఒంటిచేతి మోడ్‌ల కీబోర్డు ఒక పక్కకు జరుగుతది, బొటనవేలు సరిపోతది. నాలుగు లైన్లకు మస్తు. పుస్తకం రాసేటోనికి బొటనవేలు వారంల జవాబిస్తది, నాకిచ్చింది.

నా తరీఖానే అందరూ వట్టుకోవాలె అని కాదు. నిన్న ఆ బిడ్డ అన్నతోని మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగినంక నా కీబోర్డు ముందట కూసోబెట్టి, నా లేఅవుట్ గొప్పగ చూపిచ్చిన. రెండు నిమిషాలు చూసి, "ఇది నాకెట్ల పనికొస్తది చాచా, నాది ఎడమచెయ్యి గదా" అన్నది. నిజమే, నేనూ టైపింగ్ సారు లెక్కనే చేసిన. షర్మిందా అయిన. ఆమెకు గుణింతాలు ముందే దగ్గర ఉన్నయి, దూరమైంది హల్లులు. ర, ల, త... ఎక్కువ వచ్చే వాటిని ఎడమకు తేవాలె, ఐత్వం ఔత్వం అసుంటి ఎప్పుడో ఒకపాలి వచ్చేవాటిని కుడికి తోలాలె. కాగితం మీద గీసుకుంట కూసున్నం. వాళ్లన్న ఒక సలహా ఇయ్యబోతె నోరు మూసుకోమన్నది.

సున్నను ఉన్న చోటనే ఉంచుదాం అని నేనన్న. ఆమె ఒప్పుకోలేదు.

"నా పేర్ల సున్న ఉన్నది. చూపుడు వేలు కిందనే కావాలె."

"అక్కడ గుడి ఉన్నది బేటా, గుడి ఎక్కువ వస్తది."

"గుడిని సున్న జాగల పెట్టున్రి."

అది గలత్ అని నా అనుభవం చెప్తున్నది. అయినా రాత్రి కూసోని ఆమె చెప్పినట్టే మార్చిన. పెన్ డ్రైవ్‌ల వేసిన, పొద్దుగాల పిలగాడు వచ్చి తీస్కపోయిండు.